చావనంటున్న ఐసుదిమ్మ

మా బోగోలు తీరంలో నేను తుఫాను వస్తుందంటే ఎవరూ పడవ పైకి లాగరు. పైగా వల సర్దుకుని ధీమాగా సముద్రంలోకి పోతారు. దీన్ని నేను అవమానంగా తీసుకోను. కష్టపడి సంపాదించుకున్న పేరది. ఒక సొరచేప నా సెల్‌ఫోను మింగిందనీ, మా ఆవిడ ఫోను చేస్తే దాని కడుపులో పాట మోగి వలవాళ్ళకు దొరికిపోయిందనీ నేను అల్లిన కథ కావలి దాకా పోయింది. అక్కడ ఇంకెవడి అనుభవంగానో మారి, తిరిగి నా దగ్గరికే వచ్చింది. చెప్పినవాడు బిడ్డ మీద ఒట్టు కూడా పెట్టాడు.

అటువంటి నేను నడివయసు దాటబోయే ముందు నికార్సయిన నిజం ఒకటి చెప్పాను. గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రుళ్ళలో ఒకదాని ఒళ్ళంతా ఐసేననీ, ఆ ఐసు కింద మన సముద్రాలన్నీ కలిపినా చాలనంత పెద్ద సముద్రం ఉంటుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారనీ, అందులో ఏదైనా ప్రాణం ఉందేమోనని వెతుకుతున్నారనీ చెప్పాను. మా ఫ్యాక్టరీ అరుగు మీద కూర్చున్న వాళ్ళంతా టీ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వారు. సొరచేపకు కూడా అంత నవ్వలేదు.

నాది ఐసు ఫ్యాక్టరీ. చేపకైనా రొయ్యకైనా చచ్చాక దక్కే మొదటి మర్యాద ఐసే. మనిషి పోయినా దూరపు బంధువులు వచ్చేదాకా మా దిమ్మలే కాపలా. ఇనప డబ్బాల్లో మంచినీళ్ళు నింపి, గడ్డకట్టని ఉప్పునీళ్ళ తొట్టిలో దించి, పైన చెక్కమూతలు వేస్తాం. తెల్లారేసరికి దిమ్మలు తయారు. నీళ్ళు అంచుల నుంచి లోపలికి గడ్డకడుతూ, తమలో ఉన్న మురికినంతా నడిమధ్యకు తరుముకుంటూ పోతాయి. అందుకే ప్రతి దిమ్మకూ బయట అద్దంలాంటి ఒళ్ళు ఉంటుంది, కడుపులో తెల్లటి మబ్బు ఉంటుంది. మా ఊరి పెద్దమనుషులు కొందరు ఇదే పద్ధతిలో తయారయ్యారని నా అనుమానం.

ఆ నిజం నాకు చెప్పింది మా అక్క కూతురు. ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఐసు చంద్రుళ్ళలో జీవం ఉందో లేదో కనిపెట్టడానికి ఎలాంటి మిషను కావాలన్నది దాని చదువు. తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటల మధ్య పుట్టి పెరిగిన పిల్ల గురుగ్రహం దాకా పోవడమేమిటని మా అక్క బాధ. గుంట గట్టు మీద ఇంతకాలం నడిచినవాళ్ళు ఎంత దూరమైనా పోవాలనే అనుకుంటారని నా సమాధానం.

ఒక రోజు పొద్దున్నే కుట్టుమిషను పెట్టెంత మిషను ఒకటి చంకలో పెట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చింది.

"మామా, నీ తొట్టిలో నాకు రెండు డబ్బాలకు చోటు కావాల. జ్యూసు బండ్లకు పోసే చిన్న డబ్బాలు చాలు."

"రెండేంది, తొట్టంతా తీసుకో. మీ యూనివర్సిటీలో చల్లదనం దొరకలేదా?"

"ఫ్రిజ్జుంది. అందులో మా సారు పెరుగన్నం పెట్టుకుంటాడు."

తర్వాత విషయం చెప్పింది. ఒక డబ్బాలో దొరవారిసత్రం దగ్గర పులికాట్ సరస్సులో తోడిన బురదనీళ్ళు. వాటినిండా కంటికి కనిపించని ప్రాణులు. రెండో డబ్బాలో ఆవిరిపట్టి శుద్ధి చేసి, ఉప్పు కలిపి, మరిగించి చల్లార్చిన నీళ్ళు. ప్రాణమన్నది లేని నీళ్ళు. రెండూ గడ్డకట్టాక నడిమధ్య నుంచి చిన్న ముక్క తొలిచి, కరిగించి, మిషనులో చుక్క వేస్తుంది. మొదటిదానికి ల్యాప్‌టాప్ మీద పచ్చగీత పైకి లేవాలి. రెండోదానికి లేవకూడదు.

"లేదనిపించేదానికి కూడా ఒక డబ్బానా?" అన్నాను.

"అదే ముఖ్యం మామా. దేన్ని చూపించినా ఉంది ఉంది అనే మిషన్ను అంత దూరం ఎవురు పంపిస్తారు?"

"మనం అట్టాంటోళ్ళను ఏరి మరీ ఓట్లేసి పంపిస్తుంటాం గదా."

అది నవ్వలేదు. వచ్చే నెలలో దాని పని మీద సమీక్ష ఉందట. ల్యాబులో ఆ పెరుగన్నం ఫ్రిజ్జులో పెట్టి రెండుసార్లు చేస్తే రెండుసార్లూ చచ్చిన నీళ్ళకు కూడా మిషను ఉందనే కూసిందట. సమీక్షలోపు లేదనిపించలేకపోతే ఐసు చంద్రుళ్ళను వదిలేసి రొయ్యల మేత మీద రాసుకోమని దాని సారు తేల్చి చెప్పాడట.

"రొయ్యల మేతకేం తక్కువ? తిండి పెట్టే పని."

"పుట్టినకాణ్ణించి ఆ వాసనలోనే ఉండాను మామా. మళ్ళీ దాంట్లోకే పోయేదానికైతే ఇంత చదువెందుకు?" అంది. ఆ మాట అన్నప్పుడు దాని గొంతులో మా అక్క పోలిక వినిపించింది. మా అక్క ఆ గొంతుతో మాట్లాడితే మా బావ కూడా ఎదురు చెప్పడు. నేను డబ్బాలు కడిగించాను.

ఫ్యాక్టరీలో నేను యజమానిని. తొట్టి మీద మాత్రం మేస్త్రిదే రాజ్యం. చెక్కమూతల మీద ఒట్టి కాళ్ళతో తిరిగే మనిషి. నాకంటే ముందునుంచీ ఆ తొట్టిని నడుపుతున్నాడు. ఏ డబ్బా ఎప్పుడు దించాలో, ఎప్పుడు లేపాలో ఆయన చెప్పిందే వేదం. నేను చెప్పేది వినోదం. ఇక అరుగు మీద ఎప్పుడూ ఉండే ఇంకో మనిషి చేపల వ్యాపారి. మేమంతా బాయ్ అంటాం. చెన్నైకి పోయే చేపల పెట్టెల్లో ఐసు నింపించుకుంటూ, నా కథల్లో బొక్కలు వెతకడం ఆయన కాలక్షేపం.

మేనకోడలు వాళ్ళిద్దరికీ కూడా చెప్పింది. మేస్త్రి శ్రద్ధగా విని, "అంత ఐసుంటే కరెంటు బిల్లెవురు కడతారమ్మా?" అన్నాడు.

"కరెంటేం లేదు మేస్త్రీ. సూర్యుడికి దూరం. ఊరికే గడ్డకడతాది."

"ఊరికేనా!" మేస్త్రి నా వంక జాలిగా చూశాడు.

బాయ్ గడ్డం నిమురుకున్నాడు. "ఆ సముద్రంలో వేట నిషేధం ఎప్పుడు పెడతారో కనుక్కో పాపా. నిషేధం పెట్టినారంటే చేపలున్నట్టే లెక్క. మన ఆఫీసర్లకు చేప సంగతి తెలవకపోయినా నిషేధం సంగతి బాగా తెలుసు."

"చేపలు కాదు బాయ్. కంటికి కూడా ఆననివి. శనిగ్రహం చంద్రుడు ఒకదాంట్లో అయితే ఐసు పగిలిన చోట లోపలి సముద్రం పైకి చిమ్ముతా ఉంటాది. దిగే పని కూడా లేకుండా ఆ తుంపర్లలోంచి ఎగిరిపోతా పట్టుకోవచ్చు."

శని పేరు వినగానే మేస్త్రి చెవులు పట్టుకున్నాడు. "డబ్బా దించకముందే ఆ మాటెందుకమ్మా!" మేనకోడలు వినిపించుకోలేదు. మార్కర్ పెన్ను తీసి ఒక డబ్బా మీద 'బతికింది' అనీ, ఇంకోదాని మీద 'చచ్చింది' అనీ పెద్ద అక్షరాలతో రాసింది. ఆ రెండో మాట చూసి మేస్త్రి మొహం ముడుచుకుపోయింది. కడుపుబ్బరం అనుకున్నాను.

మర్నాడు దిమ్మలు లేపారు. మేనకోడలు తొలిచింది, కరిగించింది, చుక్క వేసింది. బతికినదానికి పచ్చగీత లేచింది. చచ్చినదానికి కూడా లేచింది. బతికినదాని కంటే కాస్త హుషారుగా లేచింది.

మళ్ళీ మొదలు. డబ్బాను మరుగునీళ్ళతో, స్పిరిటుతో కడిగింది. తొట్టి ఉప్పునీళ్ళు కారుతున్నాయేమోనని అతుకులు చూసింది. తర్వాత అనుమానం మా మీదికి మళ్ళింది. మా చేతులు, మా ఊపిరి, మా తుమ్ములు. అందరికీ టోపీలు, మాస్కులు తొడిగింది. ఫ్యాక్టరీలో మమ్మల్ని చూస్తే ఆపరేషను థియేటర్లో ఐసు దొంగతనానికి వచ్చిన ముఠాలా ఉన్నాం. బాయ్ మాస్కులోంచే టీ తాగడానికి ప్రయత్నించి చొక్కా మార్చుకోవలసి వచ్చింది. ఇంత చేసినా రెండోసారి పచ్చగీత మొదటిసారి కంటే ఎత్తుకు లేచింది. మూడోసారి తెర పైఅంచుకు తగిలింది. ఆ పిల్ల ఎంత చంపితే ఆ దిమ్మ అంత బతుకుతోంది.

అన్నం తినడం మానేసింది. దాని సారు ఫోను చేసి, "రొయ్యల మేత పుస్తకాలు తీసి పక్కన పెట్టానమ్మా" అన్నాడట, ఎంతో ఉపకారం చేసినవాడిలా.

మూడోసారి చేసిన రోజు మధ్యాహ్నం తెరను చాలాసేపు చూసి నన్ను పిలిచింది. "మామా, దీంట్లో ఒక తమాషా ఉండాది. చచ్చిన దిమ్మలో కనపడేది పులికాట్ బురదలో ఉండేది కాదు. పక్క డబ్బాలోంచి కారింది కాదు. ఇది వేరే."

"వేరే అంటే?"

"తెలవదు. కొత్తది."

గోడకు అవతల బాయ్ చేపల పెట్టెలు తూకం వేయిస్తున్నాడు. ఆయన పక్కన నలుగురు కూలీలు. మా మాటలు దాచాలన్న పట్టింపు ఆ గోడకు లేదు.

సాయంత్రం నేను టీ కొట్టు దగ్గరికి పోయేసరికి ఆ మాట నాకంటే ముందే చేరి కాళ్ళు చాపుకుని కూర్చుంది. నా ఐసులో కొత్త ప్రాణి పుట్టింది. కాదు, పుట్టలేదు, గురుడి చంద్రుడి నుంచి వచ్చింది. ఎట్టా వచ్చింది? దొరవారిసత్రం అవతల రాకెట్లు ఎగురుతాయి కదా, తిరిగొస్తా తిరిగొస్తా ఒకటి పులికాట్లో రాల్చిపోయింది. దానికి రెండు కళ్ళున్నాయి. ఇందులో నా చెయ్యి ఏమీ లేదు. నా పనితనం మీద గౌరవంతోనైనా ఈ మాట చెప్పుకోవాలి. మొదటి గంటలోనే కళ్ళు పెట్టేశారు! నేనైతే కళ్ళ దాకా రావడానికి ఒక వారం ఊరించేవాడిని. ఈ కాలంలో అబద్ధానికి కూడా ఓపిక లేదు.

మరుసటి రోజు ఒక లోకల్ చానెల్ విలేఖరి మైకు పట్టుకుని వచ్చాడు. "మేడమ్, ఈ గ్రహాంతర జీవి శాకాహారా, మాంసాహారా?"

"అట్టాంటిదేం లేదండీ. ఏదో కల్తీ జరిగినట్టుంది. నాకింకా తెలియలేదు" అంది మేనకోడలు. నిద్రలేక దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ సాయంత్రం టీవీలో అడుగున అక్షరాలు పరుగెత్తాయి. 'కన్నీళ్ళు ఆపుకోలేకపోయిన యువ శాస్త్రవేత్త. జీవి వివరాలు చెప్పేందుకు నిరాకరణ.'

ఇక జనం. మొదట రొయ్యల రైతులు సీసాలతో దిగారు. దిమ్మ కరిగిన నీళ్ళు ఒక్క సీసా ఇప్పిస్తే గుంటలో పోసుకుంటామన్నారు. ముందొచ్చినవాళ్ళు కొందరు పట్టుకునే పోయారు. నేను ఆశ్చర్యపోలేదు. బెల్లం పోశారు, తవుడు పోశారు, పెరుగు పోశారు, కంపెనీవాడు అంటగట్టిన పొడి పోశారు, పక్క గుంటవాడు ఏం పోశాడో కనుక్కుని అదీ పోశారు. ఇక మిగిలింది గురుగ్రహమే.

వాళ్ళ వెనక నాయకుడు వచ్చాడు. ఏ పార్టీ అని అడక్కండి, ఏ ఉదయం సంగతో చెబితే గానీ నేను చెప్పలేను. దిమ్మకు పూలదండ వేసి, దాని మీద అరచెయ్యి ఆనించి ఫొటోకు నిలబడ్డాడు. ఇక్కడే పెద్ద పరిశోధన కేంద్రం కట్టిస్తానని మాట ఇచ్చాడు. ఫొటోలు తీసేవాళ్ళు నలుగురు ఉండటంతో ఒక్కొక్కడూ తన వైపు తిరగమనేవాడే. ఈలోపు చెయ్యి మొద్దుబారి, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఫొటో కింద 'చలించిపోయిన ప్రజానేత' అని వేశారు. ఆ ఒక్క వార్తలోనే నిజం ఉంది.

మేనకోడలికి సారు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో జున్ను కారుతోందట. రొయ్యల మేత సంగతి మర్చిపొమ్మన్నాడు. సమీక్షకు విలేఖరులను కూడా పిలుస్తున్నామన్నాడు. "నువ్వు ఉంది అని ఒక్క మాట అను చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

ఫోను పెట్టేసి చెక్కమూతల మీద కూలబడింది. "ఉందంటే నా చదువు నిలబడతాది మామా."

"అనేయ్ మరి. నేను బతుకంతా చేసింది అదేగా."

"నువ్వు చెప్తే నవ్వుకుని ఇంటికి పోతారు. నేను చెప్తే రాసుకుంటారు."

నాకు కోపం రావలసిన మాట. రాలేదు. అరుగు మీద నాలాంటివాడు ఒకడు ఉంటే ఊరికి సరదా. మిషను నాలాంటిదైతే ఎవరికీ ఉపయోగం లేదు. రేపు ఆ ఐసు చంద్రుడి దగ్గరికి దీన్ని పంపిస్తే, అది అక్కడినుంచి పచ్చగీత పంపితే, అది నిజమో సొరచేప కథో తేల్చుకునేదానికి మనలో ఎవడైనా అంతదూరం పోయి చూసొస్తాడా? అది లేదనడం నేర్చుకోవలసింది ఇక్కడే, మా తొట్టిలోనే.

"ఇంకొక్కసారి చేస్తా మామా. ఈ దిమ్మ ఒక్కసారి చచ్చి చూపించాల."

మర్నాడు మళ్ళీ డబ్బాలు దించడానికి సిద్ధమయ్యాం. ఈసారి ఫ్యాక్టరీ నిండా జనం. చానెల్ కెమెరా. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఇత్తడి చెంబు చేతిలో పట్టుకుని ఠీవిగా వచ్చాడు. మేనకోడలు నింపి ఉంచిన చచ్చిన డబ్బా ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, "అమ్మా గంగమ్మ తల్లీ, పిల్లది తెలియక ఏదో పేరు పెట్టింది, నువ్వు మనసులో పెట్టుకోవాక" అంటూ చెంబును వంచాడు.

"మేస్త్రీ!" మేనకోడలు ఒక్క గంతులో అక్కడుంది. "ఏంది అది?"

"పాలమ్మా."

"పాలా? డబ్బాలోనా?"

"ఇంక యాడ పోస్తారు? పడవ కొత్తదైతే పోస్తాం, వల కొత్తదైతే పోస్తాం. మన తొట్టిలోకి కొత్త డబ్బా దిగినా పోస్తాం. గంగమ్మకు చెప్పకుండా నీళ్ళల్లోకి ఏదీ దించకూడదు. మీ మామను అడుగు."

నాకు తెలుసు. ఎప్పుడూ తొట్టి గట్టు మీద ఒక చుక్క రాల్చడం చూసిందే.

"డబ్బా లోపలెందుకు పోసినావు మేస్త్రీ?" అంది పిల్ల.

"నువ్వేమో దాన్ని చచ్చిందంటివి. దించకముందే శని పేరెత్తితివి. గట్టు మీద చుక్క ఈ దోషానికి సరిపోతాదా? అందుకని మీరు అటు పోయినాక, దించేముందు లోపలే పోసినా. మొదటిసారి రెండు చుక్కలే. నువ్వు ఏడస్తా ఉంటే చూళ్ళేక రెండోసారి కొంచెం ఎక్కువ పోసినా. మూడోసారికి మా బర్రె ఈనింది. తొలి జున్నుపాలు తల్లి, బంగారం లాంటియి, ఇంట్లో బిడ్డలకు కూడా పెట్టకుండా నీకే తెచ్చినా."

 మేనకోడలు చెక్కల మీద చతికిలబడి పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "కొత్తది" అని తను కనిపెట్టిన జీవం, ఐసు చంద్రుళ్ళ కంటే దగ్గరగా, మేస్త్రి వాళ్ళ కొట్టంలో దూడకు పాలిస్తోంది.

నేను ఆలస్యం చెయ్యకుండా కెమెరా ముందుకు పోయాను. ఇది గురుగ్రహం జీవి కాదనీ, మా మేస్త్రి బర్రె జున్నుపాలనీ విడమర్చి చెప్పాను.  అందరూ ఫ్యాక్టరీ రేకులు లేచిపోయేటట్టు నవ్వారు.

"అన్న మళ్ళీ మొదలుపెట్టినాడబ్బా!"

"సార్, ఆ సొరచేప మీకు ఇప్పటికీ ఫోను చేస్తోందా?" అన్నాడు విలేఖరి.

రొయ్యల రైతు ఒకడు నా చెవి దగ్గరికొచ్చి, "మాకు ఇంక నీళ్ళు ఇయ్యకుండా పెద్ద కంపెనీకి అమ్ముకునేదానికే గదన్నా ఈ కథ?" అన్నాడు. నా నోటి నుంచి వచ్చిన నిజం మా ఊళ్ళో పూచికపుల్లకు కూడా కొరగాదని ఆ రోజు రుజువైంది. దానికి ఏ మిషనూ అక్కర్లేకపోయింది.

జనాన్ని బయటికి పంపాక అసలు గొడవ మొదలైంది. సమీక్ష దగ్గరికొచ్చింది, పాలు లేని డబ్బా ఒకటి దిగాలి. మేస్త్రి అడ్డంగా తల ఊపాడు.

"పాలు పొయ్యకుండా దించితే నేను తొట్టి మీద అడుగు పెట్టనమ్మా. ఆ అమోనియా గొట్టాల పక్కన ఇన్నేళ్ళు తిరిగినా. ఒకసారి లీకై పక్క ఫ్యాక్టరీలో ఎంతమంది ఆస్పత్రి పాలైనారో మీ మామకు తెలుసు. నా ఒంటి మీద వెంట్రుక కూడా కాలలేదు. కాపాడింది ఎవురు? నీ మిషనా?"

యజమానిగా నేను గట్టిగా గొంతు సవరించుకున్నాను. ఎవరూ తిరిగి చూడలేదు.

మేనకోడలు వాదన పెట్టుకోలేదు.  "మేస్త్రీ, గంగమ్మ తొట్టిలో ఉంటాదా, సముద్రంలో ఉంటాదా?"

"రెండు చోట్లా ఉంటాది. ఆమెకు మనమేమన్నా రూము అద్దెకిచ్చినామా?"

"అయితే సముద్రంలో పోస్తా. నేనే పోస్తా, నీ ఎదురుగా. చెంబు నిండా. డబ్బా దించేముందే పోస్తా. అప్పుడు ఆమెకు చెప్పినట్టా కాదా?"

మేస్త్రి చెంబు కింద పెట్టాడు. "చెప్పినట్టే. అయితే దాని మీద ఆ రాత చెరిపెయ్యాల."

మేనకోడలు స్పిరిటు ముంచిన గుడ్డతో 'చచ్చింది' అన్న అక్షరాలను అక్కడికక్కడే తుడిచేసింది. డబ్బాను మళ్ళీ కడిగి, శుద్ధి చేసిన నీళ్ళు మళ్ళీ నింపి, మూత బిగించి, తాళం వేసి, తాళంచెవి నాకు కూడా ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది. మేస్త్రి మీద నమ్మకం లేక కాదు, ఆయన ప్రేమ మీద నమ్మకం లేక.

ముగ్గురం తీరానికి పోయాం. ఎండకు ఇసుక కాలుతోంది. పడవలు ఒడ్డున ఆరుతున్నాయి. విలేఖరిని కూడా రమ్మన్నాను. కెరటాల్లో ఏముంటుంది సార్, చేపలేగా అన్నాడు. సముద్రంలో జీవం ఉండటం వార్త కాదట. మేనకోడలు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి చెంబు వంచింది. తెల్లటి గీత నీళ్ళలో ఒక్క క్షణం నిలిచి కలిసిపోయింది. "బాగా చెప్పమ్మా, పేరు పేరునా చెప్పు" అని మేస్త్రి ఒడ్డునుంచి అరిచాడు. అది నిజంగానే ఏదో గొణిగింది. ఏమని మొక్కుకుందో నేను అడగలేదు. రొయ్యల మేత మాట మాత్రం చెవిన పడింది.

ఆ మర్నాడు దిమ్మ లేపినప్పుడు మళ్ళీ జనం. నాయకుడి మనుషులు మిఠాయి డబ్బాలతో సిద్ధం. మేనకోడలు నడిమధ్య తొలిచి, కరిగించి, చుక్క వేసింది.  అందరం తెర వంక చూశాం. గీత కదల్లేదు. పడుకున్న పాములా అట్టే ఉంది. బతికిన దిమ్మ చుక్క వేసి చూసింది, పచ్చగీత లేచింది. మళ్ళీ ఇది వేసింది. లేవలేదు.

"లేదు!" అని కేక పెట్టింది. "మామా, లేదు! ఏమీ లేదు!" మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని చెక్కల మీద గంతులేసింది. ఏమీ లేనందుకు ఇంత సంబరపడిన మనిషిని నేను నా కథల్లో కూడా చూడలేదు.

జనానికి మాత్రం ఒళ్ళు మండింది. "ఏమీ లేనిదానికి మమ్మల్ని ఎందుకు పిలిచినారు?" అన్నాడొకడు.

"ఎవురు పిలిచినారు నిన్ను?" అన్నాడు బాయ్.

"అయితే మేం పట్టుకెళ్ళిన నీళ్ళు పనిచేస్తాయా?" అన్నాడు రొయ్యల రైతు.

"పనిచేస్తాయి. గుంటలో రొయ్యలు పెరుగు తోడుపెట్టుకుంటాయి."

మిఠాయి డబ్బాలు మూతలు తియ్యకుండానే తిరిగి కారెక్కాయి. సాయంత్రం టీవీలో అక్షరాలు మళ్ళీ పరుగెత్తాయి. 'బోగోలులో గ్రహాంతర జీవి మృతి. పలు అనుమానాలు.' కింద నాయకుడి సంతాపం.

సమీక్షకు మేనకోడలు రెండు గీతలనూ పట్టుకుని ఒంటరిగా పోయింది. నేను రానన్నాను. నేను సాక్ష్యం చెబితే మంచి పని కూడా చెడుతుంది. ఏం జరిగిందో ఫోనులో చెప్పింది. సారు విలేఖరుల్ని పిలిచాడట, శాలువా కూడా తెప్పించాడట. ఇది లేచి, ఒకదాంట్లో ఉంది, ఒకదాంట్లో లేదు, మొదట వచ్చింది బర్రె పాలు అని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. శాలువా మడత విప్పకుండానే లోపలికి పోయింది. సారు మొహం తిప్పుకున్నాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు ఒకావిడ మాత్రం ఆ చదునుగీతను కళ్ళజోడు పైకి నెట్టి మరీ చూసి, "ఇలా ఎన్నిసార్లు వచ్చింది?" అని అడిగిందట.

"ఒక్కసారే మేడమ్."

"ఒక్కసారి లేదంటే నేను నమ్మను. ఇంకా చేసుకుని రా. అప్పటిదాకా ఈ పని నీదే."

"నా పని నాకే ఉంది మామా," అంది ఫోనులో, ఊపిరి అందకుండా. "రొయ్యల మేత తప్పింది. ఎల్లుండి వస్తా, డబ్బాలు కడిగిపెట్టు."

అరుగు మీద ఈ సంగతి చెప్పాను. బాయ్ ఒకసారి నా వంక అనుమానంగా చూసి, ఈసారికి నమ్ముదామని తేల్చుకున్నట్టున్నాడు.

"చూసినావా అన్నా. ఉందంటే ఊరంతా ఒక్క మాటకే నమ్మింది. లేదంటే మాత్రం పాపం ఆ పిల్ల ఎన్నిసార్లు చూపించాల్నో."

మేస్త్రి అప్పటికే డబ్బాలు తోముతున్నాడు. తోముతూ, ఈసారి ఎందుకైనా మంచిదని సముద్రంలో పోసేదానికి రెండు చెంబుల పాలు తెస్తానన్నాడు. ఒకటి సముద్రానికి, మరి రెండోది దేనికని అడిగాను. నాకు వినపడనట్టు డబ్బా అడుగును గట్టిగా రుద్దాడు.

మెల్లగా లేచి పోయి, ఆ ఇత్తడి చెంబు తీసుకుని, బాయ్ చేపల పెట్టెల కింద దాచిపెట్టాను.